హత్య కాకపోతే నిర్దోషమేనా?

బైబిలు కథలో, తన సైనికుడైన ఊరియా మీద దావీదు రాజు చెయ్యి చేసుకోలేదు. కత్తి పట్టలేదు, యుద్ధం జరుగుతున్న అమ్మోనీయుల రబ్బా పట్టణం దరిదాపులకు కూడా వెళ్లలేదు. యెరూషలేములో కూర్చుని సేనాపతి యోవాబుకు ఒక ఉత్తరం రాశాడు: పోరు ముమ్మరంగా ఉన్నచోట ఊరియాను ముందు నిలబెట్టి మిగిలినవాళ్లు వెనక్కి తగ్గండి. ఆ ఉత్తరాన్ని మోసుకెళ్లినవాడు కూడా ఊరియాయే. అతని ప్రాణం తీసింది శత్రుసైనికులు, అదీ రెండు రాజ్యాల మధ్య బహిరంగంగా సాగుతున్న యుద్ధంలో. అయినా నాతాను ప్రవక్త వచ్చి, అమ్మోనీయుల కత్తితో అతణ్ణి చంపింది నువ్వేనని రాజు ముఖం మీదే అన్నాడు.

ఇదే దావీదు కథలో దీనికి తలకిందులైన సంగతి మరొకటి ఉంది. ఫిలిష్తీయులతో, మోయాబీయులతో, అరామీయులతో చేసిన యుద్ధాల్లో అతని చేతికింద వేలమంది చనిపోయారు. ఆ చావులను బైబిలు హత్యలుగా లెక్కించదు. చాలాచోట్ల దేవుణ్ణి అడిగి, ఆయన సరేనన్నాకే యుద్ధానికి దిగాడని చెబుతుంది. కానీ మందిరం కట్టాలని దావీదు ఆశపడితే ఆ దేవుడే వద్దన్నాడు. కారణం దినవృత్తాంతముల మొదటి గ్రంథం 22వ అధ్యాయంలో ఉంది: నువ్వు విస్తారంగా రక్తం ఒలికించావు కాబట్టి నా నామానికి మందిరం నువ్వు కట్టకూడదు.

చెయ్యి తగలని చావు హత్య అయింది. చెయ్యి తగిలిన చావులు హత్యలు కాలేదు, కానీ ఆ చెయ్యి మందిరానికి పనికిరాకుండా పోయింది. చంపడానికీ హత్యకూ మధ్య క్రైస్తవ ఆలోచన గీసిన గీత ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకుంటేనే అర్థమవుతుంది. ప్రసంగాల్లోనూ చర్చల్లోనూ తరచుగా వినిపించే వాదన మాత్రం ఒక సగం దగ్గరే ఆగిపోతుంది: పది ఆజ్ఞల్లోని ఆజ్ఞ నిషేధించింది హత్యను, చంపడాన్ని కాదు, కాబట్టి సైనికుడికీ తలారికీ ఆత్మరక్షణ చేసుకున్నవాడికీ ఏ ఇబ్బందీ లేదు. ఇందులో మొదటి మాట నిజం. ‘కాబట్టి’ తర్వాత వచ్చే మాటను రెండువేల ఏళ్ల క్రైస్తవ చరిత్ర అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

తెలుగు బైబిలులో ఆ ఆజ్ఞ ‘నరహత్య చేయకూడదు’ అని ఉంది. కతోలికులు, లూథరన్లు దాన్ని ఐదో ఆజ్ఞగా, మిగతా ప్రొటెస్టెంట్లు ఆరో ఆజ్ఞగా లెక్కిస్తారు. మూలంలోని హీబ్రూ క్రియకు హత్య అనే అర్థం తప్ప మరొకటి లేదని, చిక్కు అంతటితో వీడిపోయిందని వాదించేవాళ్లున్నారు. వీడలేదు. సంఖ్యాకాండం 35లో పొరపాటున మనిషి ప్రాణం తీసినవాడి గురించి చెప్పేటప్పుడూ అదే క్రియ వాడారు. నిఘంటువును పక్కనపెట్టి, మోషే ధర్మశాస్త్రం ఒక్కో చావును ఎలా తూచిందో చూడటం మేలు.

ఇద్దరు కట్టెలు కొట్టడానికి అడవికి వెళ్తారు. ఒకడు గొడ్డలి ఎత్తగానే ఇనుము పిడి నుంచి ఊడి రెండోవాడికి తగులుతుంది, అతను చనిపోతాడు. ద్వితీయోపదేశకాండం 19లోని ఉదాహరణ ఇది. అక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే: వీళ్లిద్దరి మధ్య అంతకుముందు పగ ఉందా? లేకపోతే అది హత్య కాదు. పగపట్టి, పొంచి ఉండి కొట్టినవాడైతే ఎక్కడికి పారిపోయినా ఊరి పెద్దలు రప్పించి అప్పగించాలి. బలిపీఠం దగ్గర నిలబడినా లాక్కుపోవాలని నిర్గమకాండం 21 అంటుంది. దాని తర్వాతి అధ్యాయంలో దొంగ సంగతి వస్తుంది. రాత్రి కన్నం వేస్తున్న దొంగను కొడితే అతను చనిపోయాడు, కొట్టినవాడికి రక్తాపరాధం లేదు. సూర్యుడు ఉదయించాక అదే దెబ్బ కొడితే ఉంది. ఇంత చిన్న వాక్యాల్లో ఇంత ఆలోచన ఇమిడి ఉండటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. దొంగ అతనే, ఇల్లు అదే, దెబ్బ అదే, మారింది వెలుతురు. చీకట్లో వచ్చినవాడు సొమ్ము కోసం వచ్చాడో ప్రాణం కోసం వచ్చాడో ఇంటివాడికి తెలియదు. పగటిపూట తెలుస్తుంది, నలుగుర్నీ పిలవడానికీ వీలుంటుంది. అలాంటప్పుడు సొమ్ము కోసం ప్రాణం తీయకూడదు.

అజాగ్రత్తకూ లెక్క ఉంది. పొడిచే ఎద్దని తెలిసీ కట్టివేయకుండా వదిలేసిన యజమాని, అది మనిషిని చంపితే తన ప్రాణంతోనో ప్రాణానికి విమోచనగా విధించిన సొమ్ముతోనో బదులు చెప్పాలి. కొత్త ఇంటి పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించాలని, లేకపోతే అక్కడినుంచి ఎవరైనా పడితే ఆ ఇంటి మీదికి హత్యదోషం వస్తుందని ద్వితీయోపదేశకాండం 22 చెబుతుంది. మూతవేయని బోరుబావుల్లో పసిపిల్లలు పడిపోయిన వార్తలు చదివే మనకు ఈ వాక్యం పాతబడినట్టు అనిపించదు.

అన్నిటికంటే లోతైన ఏర్పాటు ఆశ్రయపురాలది. యొర్దానుకు పడమట కెదెషు, షెకెము, హెబ్రోను. తూర్పున బేసెరు, రామోతు, గోలాను. పొరపాటున చంపినవాడు వీటిలో ఒకదానికి చేరుకుంటే, చనిపోయినవాడి బంధువులు పగ తీర్చుకోకుండా రక్షణ దొరుకుతుంది. సమాజం విచారణ జరిపి, పగ లేదని, నిజంగా పొరపాటేనని తేల్చుతుంది. ఆ తర్వాత ఇంటికి పంపేస్తారనుకుంటాం. పంపరు. అప్పటి ప్రధాన యాజకుడు చనిపోయేదాకా అతను ఆ ఊళ్లోనే ఉండాలి. పొలిమేర దాటి దొరికితే ప్రతిహత్య చేసే బంధువు చంపినా తప్పులేదు. డబ్బు కట్టి ముందుగా బయటపడే వీలు లేదు. హంతకుడి ప్రాణానికి బదులు సొమ్ము పుచ్చుకోకూడదన్న నియమం పక్కనే, హంతకుడు కాదని తేలినవాడి ప్రవాసానికీ సొమ్ము పుచ్చుకోకూడదన్న నియమం ఉంది. హత్య చేయలేదని పదిమందీ ఒప్పుకున్న మనిషి కూడా ఏమీ జరగనట్టు తన ఊరికి వెళ్లిపోలేడు.

కొత్త నిబంధనకు వస్తే, యేసు హత్య మొదలయ్యే చోటును మనిషి లోపలికి జరిపాడు. కొండమీది ప్రసంగంలో నరహత్య గురించిన ఆజ్ఞను ఎత్తుకుని, సహోదరుడి మీద కోపపడేవాడు కూడా తీర్పుకు లోనవుతాడన్నాడు. తనను బంధించడానికి వచ్చినప్పుడు గెత్సేమనే తోటలో శిష్యుడు పేతురు దూసిన కత్తిని ఒరలో పెట్టించాడు. మరోవైపు, మేమేం చేయాలని అడిగిన సైనికులను బాప్తిస్మమిచ్చే యోహాను కొలువు మానమనలేదు. ఎవరినీ బాధించి సొమ్ము లాక్కోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. అధికారి ఖడ్గాన్ని ఊరికే ధరించడని పౌలు రోమీయులకు రాశాడు.

ఈ మాటలన్నీ ఒకే గ్రంథంలో ఉన్నా, తొలి శతాబ్దాల రచయితలు ఎక్కువగా గెత్సేమనే వైపే మొగ్గారు. పేతురు కత్తిని తీసివేయించినప్పుడే ప్రభువు ప్రతి సైనికుడి నడికట్టూ విప్పేశాడని టెర్టులియన్ రాశాడు. ఉత్తర ఆఫ్రికాలో 295లో మాక్సిమిలియన్ అనే యువకుడు సైన్యంలో చేరనని చెప్పి తల ఇచ్చాడు. మరణశిక్ష పడే నేరాన్ని ఒకరి మీద మోపడం కూడా చంపడమేనని లాక్టాంటియస్ వాదించాడు. అప్పటికే సైన్యంలో క్రైస్తవులు లేకపోలేదు. లేకపోతే టెర్టులియన్ అంత ఘాటుగా రాయనక్కరలేదు. క్రైస్తవాన్ని ఆదరించిన రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ తర్వాత న్యాయాధిపతులు, సేనాపతులు, చివరికి చక్రవర్తి కూడా సంఘసభ్యులయ్యారు. ఖడ్గం పట్టేది ఇక తామే అయ్యేసరికి ప్రశ్న మారిపోయింది.

జవాబు వెతికినవాళ్లలో పెద్దవాడు ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్. ఆయన జవాబు ఇవాళ్టి మనకు తలకిందులుగా కనిపిస్తుంది. ఆత్మరక్షణ కోసం చంపినవాణ్ణి మనం ఇట్టే క్షమిస్తాం, ప్రభుత్వం చంపితే అనుమానిస్తాం. అగస్టీన్ 398 ప్రాంతంలో పుబ్లికోలా అనే వ్యక్తికి రాసిన ఉత్తరంలో, తన ప్రాణం దక్కించుకోవడానికి ఇంకొకరిని చంపడాన్ని తాను ఒప్పుకోనన్నాడు. సైనికుడో అధికారో అయి, తన కోసం కాక ఇతరుల కోసం, తనకున్న అధికారం మేరకు చేస్తేనే దానికి చోటు. ఎలాగూ పోయే ఈ బతుకు మీద మమకారంతో ఇంకొకరి ప్రాణం తీయడం ఆయన దృష్టిలో వక్రించిన ప్రేమ. యుద్ధంలో అసలు చెడు చావులది కాదని, హింస మీది మోజుదీ పగ తీర్చుకునే క్రూరత్వానిదీ పెత్తనం చేయాలన్న దాహానిదీ అని కూడా రాశాడు. ఆత్మహత్యను ఆ ఆజ్ఞ కిందికే తెచ్చాడు.

అగస్టీన్ యుద్ధాన్ని సమర్థించాడని చెప్పేవాళ్లు ఆయన రాసిన న్యాయాధిపతి గురించి అంతగా చెప్పరు. ‘దైవనగరం’ 19వ సంపుటిలో ఒక న్యాయాధిపతి వస్తాడు. నిజం తెలియక నిందితుణ్ణి చిత్రహింస పెట్టిస్తాడు, ఒక్కోసారి నిర్దోషికి మరణశిక్ష వేస్తాడు. కావాలని చేయడు, కొలువు అలాంటిది. అతను పాపి కాడంటాడు అగస్టీన్. అయితే తాను సుఖంగా ఉన్నానని అతను అనుకోకూడదు. ఇక్కట్ల నుంచి నన్ను విడిపించమని కీర్తనకారుడిలా మొరపెట్టుకోవాలి. చట్టబద్ధమైన ఖడ్గం పట్టినవాడు కూడా నిశ్చింతగా నిద్రపోకూడదని ఆయన భావం.

ఖడ్గం రాజు చేతిలో ఉంది కాబట్టి అది చేసేదంతా న్యాయమే అనుకోకుండా మిలాను బిషప్పు అంబ్రోసు అడ్డుపడ్డాడు. థెస్సలొనీకలో అల్లరిమూక ఒక సేనానిని చంపితే, థియొడోసియస్ చక్రవర్తి సైనికులు 390లో ఆ ఊరి జనాన్ని ఊచకోత కోశారు. చక్రవర్తి పశ్చాత్తాపపడేదాకా ఆయనకు ప్రభుభోజనం (క్రీస్తు జ్ఞాపకంగా చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం) ఇవ్వనని అంబ్రోసు ఉత్తరం రాశాడు. థియొడోసియస్ రాజచిహ్నాలు తీసేసి అందరిముందు ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు.

తూర్పున, ఇప్పటి టర్కీలోని కప్పదొకియలో కైసరయ బిషప్పు బాసిల్ ఈ వ్యవహారాన్ని సూక్ష్మమైన నియమాలుగా రాసిపెట్టాడు. కోపంతో భార్య మీదికి గొడ్డలి విసిరి చంపినవాడు బుద్ధిపూర్వక హంతకుడు. కుక్క మీదికి రాయి విసిరితే అది మనిషికి తగిలి చనిపోతే హంతకుడు కాడు. బుద్ధిపూర్వక హంతకుడికి ఇరవై ఏళ్లు ప్రభుభోజనం లేదు, పొరపాటున చంపినవాడికి పదేళ్లు. పొరపాటుకు పదేళ్లా అని మనకు అనిపించవచ్చు. ఆశ్రయపురాలను గుర్తుంచుకుంటే అంత వింతగా ఉండదు. ఇక 374 నాటి ఉత్తరంలోని 13వ నియమం యుద్ధం గురించి: మన పితరులు యుద్ధంలో చంపడాన్ని హత్యగా లెక్కించలేదు, అయినా చేతులు శుభ్రంగా లేవు కాబట్టి వాళ్లు మూడేళ్లపాటు ప్రభుభోజనానికి దూరంగా ఉండటం బహుశా మంచిది.

హత్య కాదు, చేతులు మాత్రం శుభ్రంగా లేవు. ఈ రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఉండటంలోనే ఈ సంప్రదాయం బలం ఉందని నా అభిప్రాయం. ఆ నియమాన్ని అక్షరాలా పాటించిన సందర్భాలు తక్కువే కావచ్చు, కానీ అది చచ్చుబడలేదు. పదో శతాబ్దంలో బైజాంటైన్ చక్రవర్తి నైకెఫొరస్ ఫోకాస్ అరబ్బులతో పోరులో చనిపోయిన తన సైనికులను హతసాక్షులుగా, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన పరిశుద్ధులుగా ప్రకటించమని కోరితే, అక్కడి సంఘాధిపతి పాట్రియార్క్ పొల్యూక్టస్, ఆయన బిషప్పులు బాసిల్ నియమాన్ని చూపించి కాదన్నారు. మూడేళ్లు ప్రభుభోజనానికి దూరంగా ఉండాల్సినవాళ్లను పరిశుద్ధుల జాబితాలో ఎలా చేరుస్తాం అన్నది వాళ్ల ప్రశ్న.

పశ్చిమంలోనూ ఇదే భావన. 1066లో హేస్టింగ్స్ యుద్ధం నార్మన్ల పక్షాన ముగిసింది. తమ నాయకుడు విలియం పోప్ ఆశీస్సులతోనే ఇంగ్లండు మీదికి వెళ్లాడని నార్మన్లు చెప్పుకున్నారు. అయినా గెలిచిన సైనికులకు నార్మన్ బిషప్పులు ప్రాయశ్చిత్తాలు విధించారు, పోప్ ప్రతినిధి ఎర్మెన్‌ఫ్రిడ్ వాటిని ధ్రువీకరించాడు. ఒకణ్ణి చంపానని తెలిసినవాడు ఒక్కో చావుకు ఒక్కో ఏడాది ప్రాయశ్చిత్తం చేయాలి. గాయపరిచాను, బతికాడో లేదో తెలియదు అనేవాడికి తలకు నలభై రోజులు. తన బాణం ఎవరికి తగిలిందో తెలియని విలుకాడికి మూడు శ్రమదినాల కాలాల (ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల) ఉపవాసం. వ్యాపారి చిట్టాలా ఉందని నవ్వుకోవచ్చు. గెలిచిన సైన్యాన్ని కూర్చోబెట్టి, నువ్వు ఎంతమందిని చంపావని ఒక్కొక్కరినీ అడిగిన సంస్థలు చరిత్రలో ఎన్ని?

ఆ తర్వాత ముప్పై ఏళ్లు కూడా తిరగకుండా అంతా బోర్లాపడింది. 1095లో క్లెర్మాంట్ సభలో రెండో అర్బన్ పోప్ యెరూషలేము విముక్తికి బయల్దేరేవాళ్లకు ఆ ప్రయాణమే ప్రాయశ్చిత్తమంతటికీ సమానమన్నాడు. యుద్ధం చేసినందుకు ప్రాయశ్చిత్తం పోయి, యుద్ధమే ప్రాయశ్చిత్తమైంది. తర్వాతి శతాబ్దంలో క్లెర్వో మఠాధిపతి బెర్నార్డు ఇంకో అడుగు వేసి, దుష్టుణ్ణి చంపే క్రీస్తు సైనికుడు నరహంతకుడు కాడని, చెడును చంపేవాడని రాశాడు. చంపడానికీ హత్యకూ మధ్య గీసిన గీతను చంపడానికి ఇచ్చిన లైసెన్సుగా వాడుకుంటే ఏమవుతుందో చూడాలంటే బెర్నార్డును చదవాలి. చచ్చేవాడు మనిషి కాకుండా ‘చెడు’ అయిపోయాక ఇక ఏ గీతా అక్కరలేదు.

కతోలిక వేదాంతి థామస్ అక్వినాస్ పదమూడో శతాబ్దంలో ఈ చర్చకు ఇచ్చిన పనిముట్టు ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. ఆత్మరక్షణ విషయంలో ఆయన అగస్టీన్‌తో మర్యాదగా విభేదించాడు. ఒకే పనికి రెండు ఫలితాలు ఉండవచ్చు: ఒకటి నేను కోరుకున్నది, ఇంకొకటి కోరకపోయినా దాంతోపాటు వచ్చిపడేది. నా మీదికి దూకినవాణ్ణి ఆపడం నా ఉద్దేశం. అతను చనిపోవడం నా ఉద్దేశానికి బయటిది. కాబట్టి తప్పు కాదు, అవసరానికి మించి బలం వాడనంతవరకు. ఆపడానికి చెయ్యి విరిస్తే సరిపోయేచోట మెడ విరిస్తే ఈ సమర్థన చెల్లదు. అదే అక్వినాస్ బలిపీఠం దగ్గర సేవ చేసే యాజకులు న్యాయమైన యుద్ధంలోనూ ఆయుధం పట్టకూడదన్నాడు. అది పాపమని కాదు, వాళ్ల సేవకు తగదని. చర్చి చట్టం చాలాకాలం మరణశిక్ష వేసిన న్యాయాధిపతినీ అమలు చేసిన తలారినీ యాజకులు కావడానికి అనర్హులుగా చూసింది, వాళ్లు చేసింది చట్టబద్ధమేనని ఒప్పుకుంటూనే. మందిరం కట్టలేకపోయిన దావీదు నీడ ఇక్కడిదాకా పడింది.

మన భారతీయ న్యాయ సంహితలోనూ 100, 101 సెక్షన్లు నరహత్యకూ హత్యకూ తేడా చూపిస్తాయి, ఉద్దేశాన్నీ ఎరుకనూ తూచి. కానీ చట్టం నిర్దోషివని తేల్చి ఇంటికి పంపేస్తుంది. బాసిల్ లాంటివాళ్లకు అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది.

రెండు ఫలితాల సూత్రం మంచివాళ్ల చేతిలో మంచిగా పనిచేసింది. నొప్పి తగ్గించడానికి ఇచ్చే మందు ఆయుష్షును కాస్త తగ్గించినా, ఉద్దేశం నొప్పి తగ్గించడమే అయితే తప్పు కాదని పన్నెండో పయస్ పోప్ 1957లో వైద్యులకు చెప్పాడు. గడుసువాళ్ల చేతిలో పడితే ఏమవుతుందో అంతకు మూడు వందల ఏళ్ల ముందే ఫ్రెంచి రచయిత పాస్కల్ ఎగతాళి చేసి చూపించాడు: పరువు కాపాడుకోవడమే నా ఉద్దేశం, ఎదుటివాడి చావు కాదు అనుకుంటూ ద్వంద్వయుద్ధానికి దిగవచ్చని బోధించే గురువులు ఆయన కాలంలో ఉన్నారు.

ఆ సూత్రానికి ఇరవయ్యో శతాబ్దంలో పదును పెట్టింది కతోలిక తత్వవేత్త ఎలిజబెత్ ఆన్స్‌కూమ్. 1956లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, జపాను మీద అణుబాంబులు వేయించిన అమెరికా మాజీ అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్‌కు గౌరవ పట్టా ఇవ్వబోతే ఆవిడ లేచి వ్యతిరేకించింది. హిరోషిమా, నాగసాకిలలో సామాన్యుల చావు పొరపాటున వచ్చిపడిన రెండో ఫలితం కాదు. జపాను లొంగిపోవడానికి ఎంచుకున్న సాధనమే అది. నిర్దోషుల చావును సాధనంగా ఎంచుకోవడం హత్య, దానివల్ల ఎన్ని ప్రాణాలు మిగిలినా. ఆవిడ శాంతివాది కాదు. శాంతివాదం మీద ఆవిడకు కోపం కూడా. చంపడమంతా ఒకే రకం చెడు అని జనానికి నేర్పితే, ఎలాగూ చెడే కదా అని సైనికుణ్ణీ పసిపిల్లనూ ఒకే లెక్కలో వేసి చంపుతారని ఆవిడ వాదన. పట్టా ఇచ్చేశారు. పదేళ్లు తిరక్కముందే కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ నగరాలను విచక్షణ లేకుండా ధ్వంసం చేయడం దేవుడికీ మనిషికీ వ్యతిరేకంగా చేసే నేరమని ప్రకటించింది.

మరణశిక్ష విషయంలో గీత ఇంకా కదులుతూనే ఉంది. ఒళ్లంతా కుళ్లకుండా ఒక అవయవాన్ని కోసేయడంతో అక్వినాస్ దాన్ని పోల్చాడు. వాటికన్ రాజ్యం చట్టంలో 1969 దాకా మరణశిక్ష ఉంది. 1995లో రెండో జాన్ పాల్ దాని అవసరం దాదాపు లేదన్నాడు. 2018లో ఫ్రాన్సిస్ పోప్ కతోలిక బోధనల అధికారిక గ్రంథమైన సత్యోపదేశాన్ని సవరించి అది ఆమోదయోగ్యం కాదన్నాడు. ప్రొటెస్టెంట్లలో చాలామంది ఆదికాండం 9వ అధ్యాయాన్ని చూపిస్తారు: మనిషి దేవుని స్వరూపం కాబట్టి మనిషి రక్తం చిందించినవాడి రక్తం మనిషి వల్లే చిందాలి. దేవుని స్వరూపమన్న కారణంతోనే హంతకుణ్ణీ చంపకూడదని అవతలివాళ్లు అంటారు. మొదటి హంతకుడైన కయీనును ఎవరూ చంపకుండా దేవుడే గుర్తు వేశాడన్నది వాళ్ల చేతిలోని బలమైన వాక్యం.

ఈ తూకాలేవీ వద్దన్నవాళ్లు పదహారో శతాబ్దపు సంస్కరణ కాలంలో పుట్టిన అనాబాప్టిస్టులు. 1527లో ష్లైట్‌హైములో వాళ్లు రాసుకున్న ఒప్పుకోలు ప్రకారం ఖడ్గం దేవుడు ఏర్పాటు చేసినదే, కానీ క్రీస్తు పరిపూర్ణతకు వెలుపల. లోకం దాన్ని పట్టుకోనీ, మేం పట్టం. ఆ పరంపర నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరన్ మిషనరీలు పంతొమ్మిదో శతాబ్దం చివర నల్లగొండకు, తర్వాత పాలమూరు ప్రాంతానికి వచ్చారు. తెలంగాణలో ఎం.బి. చర్చి అని పిలిచే సంఘాల మూలం అదే.

ఖడ్గం పట్టం అనలేకపోయినవాడు డీట్రిక్ బాన్‌హోఫర్. శాంతివాదానికి దగ్గరగా ఉన్న ఈ జర్మన్ పాస్టరు హిట్లరును కూలదోయాలనుకున్న కుట్రదారులతో చేతులు కలిపాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గ్‌లో ఉరితీశారు. నిరంకుశుణ్ణి చంపడం హత్య కాదని నిరూపించడం ఆయనకు కష్టమేమీ కాదు. అక్వినాస్ నుంచి తెచ్చుకోవడానికి వాదనలు ఉన్నాయి. ఆయన ఆ దారి పట్టలేదు. ఇతరుల కోసం బాధ్యత తీసుకునేవాడు దోషాన్ని కూడా మీద వేసుకుంటాడని, తనను తాను సమర్థించుకోకుండా దేవుని కనికరానికి వదిలేస్తాడని రాశాడు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే మాట 2022 సెప్టెంబరు 25న మాస్కోలో వినిపించింది. ఉక్రెయిన్ యుద్ధంలో విధి నిర్వహిస్తూ చనిపోయే సైనికుడి త్యాగం అతని పాపాలన్నిటినీ కడిగేస్తుందని రష్యన్ ఆర్థడాక్స్ సంఘాధిపతి పాట్రియార్క్ కిరిల్ ప్రసంగించాడు. పొల్యూక్టస్ తన చక్రవర్తికి ఇవ్వనన్నది ఇంచుమించు ఇదే. మూడేళ్లు ఆగమన్న బాసిల్ 13వ నియమాన్ని మాత్రం ఎవరూ కొట్టివేయలేదు. కిరిల్ నడిపే సంఘం నియమగ్రంథంలో కూడా అది ఇప్పటికీ ఉంది.